ఎస్పరాంటో నామపదబంధం

ఎస్పరాంటో నామపదబంధం అనగా ఎస్పరాంటో భాషలో ఒక నామవాచకము, దానిని ఆశ్రయించి ఉండే ఆర్టికల్, సంఖ్యావాచకం, విశేషణం, సంబంధ వాక్యం మొదలైనవి కలిసి ఏర్పడే పదసముదాయం. వాక్యంలో ఈ సముదాయమంతా ఒకే పదంవలె కర్తగా గాని, కర్మగా గాని, మరొక పదానికి అనుబంధంగా గాని వ్యవహరిస్తుంది. తెలుగులో "ఆ మూడు పెద్ద పుస్తకాలు" అన్నది ఒక నామపదబంధం. ఇందులో ప్రధాన పదం "పుస్తకాలు", మిగిలినవన్నీ దాని అనుబంధాలు.

ఎస్పరాంటో ఒక కృత్రిమ భాష. బియాలిస్టోక్ పట్టణంలో జన్మించిన నేత్రవైద్యుడు లుడ్విక్ లాజర్ జామెన్‌హోఫ్ (1859-1917) దీనిని రూపొందించి, 1887లో వార్సా నగరంలో రష్యన్ భాషలో అచ్చయిన ఒక చిన్న పుస్తకం ద్వారా వెల్లడి చేసాడు. ఆ పుస్తకంలోని వ్యాకరణం 16 సూత్రాలకు పరిమితం. వాటిలో చాలా సూత్రాలు నామపదబంధానికి సంబంధించినవే. ఈ భాష చరిత్రలో జరిగిన అతి పెద్ద వివాదం కూడా చాలావరకు నామపదబంధం చివర వినిపించే రెండు చిన్న ధ్వనుల గురించే. అవి బహువచనాన్ని సూచించే "య్", కర్మను సూచించే "న్".

గమనిక: ఈ వ్యాసంలో ఎస్పరాంటో పదాలను తెలుగు లిపిలో వ్రాయడం జరిగింది. ఈ భాషలో హ్రస్వ, దీర్ఘ భేదం అర్థాన్ని మార్చదు. చదవడానికి వీలుగా పదాంతంలోని అచ్చులను దీర్ఘాలుగా చూపించడమైనది. ప్రతి పదంలోను చివరి నుండి రెండవ అచ్చును ఒత్తి పలుకుతారు.

నామవాచకం

ఎస్పరాంటోలో నామవాచకాలన్నీ ప్రథమా విభక్తి ఏకవచనంలో "ఓ"తో అంతమవుతాయి. బహువచనానికి "య్", ద్వితీయా విభక్తికి "న్" చేరుతాయి. రెండూ అవసరమైనపుడు ముందు "య్", తరువాత "న్" వస్తాయి. కనుక ప్రతి నామవాచకానికీ నాలుగు రూపాలు మాత్రమే ఉంటాయి.

- హుందో – కుక్క
- హుందోయ్ – కుక్కలు
- హుందోన్ – కుక్కను
- హుందోయ్న్ – కుక్కలను

ఈ నియమానికి మినహాయింపులు లేవు. వ్యాకరణ సంబంధమైన లింగభేదం కూడా లేదు. బల్ల, నది, గ్రామం వంటి పదాలు ఏ లింగానికి చెందుతాయో కంఠస్థం చేయవలసిన పని ఉండదు. తండ్రి (పాత్రో), తల్లి (పాత్రీనో) వంటి పదాలలో "ఈన్" అనే ప్రత్యయం స్త్రీని సూచిస్తుంది, కాని దానివల్ల ఆర్టికల్ గాని, విశేషణం గాని మారవు.

కవిత్వంలో ఛందస్సు కోసం నామవాచకం చివరి "ఓ"ను లోపింపజేయవచ్చునని 16వ సూత్రం చెబుతుంది. అపుడు "హుందో" బదులు "హుంద్" అని వ్రాసి, లోపించిన అచ్చు స్థానంలో ఒక చిహ్నం ఉంచుతారు. ఈ సౌకర్యం ప్రథమా విభక్తి ఏకవచనానికే పరిమితం. "య్" గాని "న్" గాని ఉన్నచోట అచ్చు లోపించదు.

ఆర్టికల్

మొదటి సూత్రం ఆర్టికల్ గురించి. ఎస్పరాంటోలో "లా" అనే నిశ్చయార్థక ఆర్టికల్ ఒక్కటే ఉంది. అనిశ్చయార్థక ఆర్టికల్ లేదు. "హుందో" అంటే ఏదో ఒక కుక్క. "లా హుందో" అంటే వినేవారికి ముందే తెలిసిన ఫలానా కుక్క. "లా" అనే పదం వచనాన్ని బట్టి గాని, విభక్తిని బట్టి గాని మారదు.

ఆర్టికల్ లేని భాషలను మాట్లాడేవారికి "లా" ఎక్కడ వాడాలో మొదట్లో తెలియకపోవచ్చు. తెలుగువారికి కూడా ఈ ఇబ్బంది ఉంటుంది. ఆర్టికల్ వాడకం కష్టమనిపించేవారు మొదట్లో దానిని వదిలివేయవచ్చునని జామెన్‌హోఫ్ స్వయంగా వెసులుబాటు కల్పించాడు.

విశేషణము, అన్వయము

విశేషణాలన్నీ "ఆ"తో అంతమవుతాయి. మూడవ సూత్రం ప్రకారం విశేషణం తన విశేష్యంతోపాటు వచనాన్ని, విభక్తిని కూడా స్వీకరిస్తుంది.

- గ్రాందా హుందో – పెద్ద కుక్క
- గ్రాందాయ్ హుందోయ్ – పెద్ద కుక్కలు
- గ్రాందాన్ హుందోన్ – పెద్ద కుక్కను
- గ్రాందాయ్న్ హుందోయ్న్ – పెద్ద కుక్కలను

తెలుగులో "పెద్ద" అనే పదం నాలుగుచోట్లా ఒకేలా ఉంది. ఎస్పరాంటోలో నాలుగు రూపాలు వచ్చాయి. సంస్కృతం చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. సంస్కృతంలో విశేషణం విశేష్యం యొక్క లింగ, వచన, విభక్తులను మూడింటినీ అనుసరిస్తుంది. ఎస్పరాంటోలో లింగం లేదు గనుక వచన, విభక్తులు మాత్రమే మిగిలాయి.

ఒకే సమాచారాన్ని రెండుసార్లు చెప్పడం వృథా అనిపించవచ్చు. కాని కొన్ని వాక్యాలలో అర్థభేదం ఈ అన్వయంపైనే ఆధారపడి ఉంటుంది.

- మీ త్రోవిస్ లా ఇంతెరేసాన్ లిబ్రోన్ – ఆ ఆసక్తికరమైన పుస్తకం నాకు దొరికింది.
- మీ త్రోవిస్ లా లిబ్రోన్ ఇంతెరేసా – ఆ పుస్తకం నాకు ఆసక్తికరంగా తోచింది.

మొదటి వాక్యంలో విశేషణానికి "న్" ఉంది కనుక అది నామపదబంధంలో భాగం. రెండవ వాక్యంలో విశేషణానికి "న్" లేదు కనుక అది నామపదబంధానికి వెలుపల ఉండి, పుస్తకం గురించి వక్త అభిప్రాయాన్ని తెలుపుతోంది. పదబంధం ఎక్కడ ముగిసిందో చెప్పేది ఆ ఒక్క ధ్వనియే.

మరొక విశేషం. "లా ఆంగ్లా కాయ్ ఫ్రాంత్సా లింగ్వోయ్" అంటే "ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలు". ఇక్కడ భాషలు రెండు గనుక నామవాచకం బహువచనంలో ఉంది. ఒక్కొక్క విశేషణం ఒక్కొక్క భాషకే వర్తిస్తుంది గనుక విశేషణాలు ఏకవచనంలో ఉన్నాయి. విశేషణాలను కూడా బహువచనంలో ఉంచితే ఇంగ్లీషు భాషలు అనేకం, ఫ్రెంచి భాషలు అనేకం ఉన్నాయనే అర్థం వచ్చే అవకాశం ఉంది.

సంఖ్యలు, పరిమాణాలు

నాల్గవ సూత్రం ప్రకారం మూల సంఖ్యావాచకాలకు విభక్తి రూపాలు ఉండవు. "దూ" అంటే రెండు, "త్రీ" అంటే మూడు. "దూ లిబ్రోయ్" అంటే రెండు పుస్తకాలు, "దూ లిబ్రోయ్న్" అంటే రెండు పుస్తకాలను. తెలుగులోవలె సంఖ్య తరువాత నామవాచకం బహువచనంలోనే ఉంటుంది. అయితే తెలుగులో వస్తువులకు "రెండు", మనుషులకు "ఇద్దరు" అనే భేదం ఉంది. ఎస్పరాంటోలో అటువంటి భేదం లేదు.

సంఖ్యకు "ఆ" చేరిస్తే క్రమసంఖ్య అవుతుంది: దూఆ (రెండవ), త్రీఆ (మూడవ). ఇవి విశేషణాలు కనుక "య్", "న్" స్వీకరిస్తాయి. మిలియన్ వంటి పెద్ద సంఖ్యలు నామవాచకాలు. వాటి తరువాత "దా" అనే ప్రిపొజిషన్ రావాలి: మిలియోనో దా హోమోయ్ (పది లక్షల మంది మనుషులు).

కొలతలకు కూడా ఇదే "దా" వాడతారు.

- గ్లాసో దా ఆక్వో – గ్లాసెడు నీళ్ళు
- కిలోగ్రామో దా సుకేరో – కిలో పంచదార

ఇటువంటి పదబంధం కర్మ అయినపుడు కొలతను తెలిపే పదానికే "న్" చేరుతుంది. "గ్లాసోన్ దా ఆక్వో" అనాలి. "దా" తరువాతి పదం మారదు. ప్రిపొజిషన్ల తరువాత నామవాచకం మామూలుగా ప్రథమా విభక్తిలోనే ఉండాలనే ఎనిమిదవ సూత్రమే దీనికి కారణం.

స్వామ్యార్థక, నిర్దేశక పదాలు

సర్వనామానికి "ఆ" చేరిస్తే స్వామ్యార్థక విశేషణం ఏర్పడుతుంది. "మీ" అంటే నేను, "మీయా" అంటే నా. ఇది కూడా విశేషణం వలెనే మారుతుంది: మీయా లిబ్రో (నా పుస్తకం), మీయాయ్ లిబ్రోయ్ (నా పుస్తకాలు), మీయాయ్న్ లిబ్రోయ్న్ (నా పుస్తకాలను). సాధారణంగా దీనితోపాటు "లా" వాడరు.

ప్రథమ పురుషలో "లీయా" (అతని), "సీయా" (తన) అనే రెండు వేరువేరు పదాలున్నాయి.

- పేత్రో వీదిస్ లీయాన్ హుందోన్ – పేత్రో అతని కుక్కను చూసాడు (మరొకరి కుక్కను).
- పేత్రో వీదిస్ సీయాన్ హుందోన్ – పేత్రో తన కుక్కను చూసాడు.

ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఈ భేదాన్ని ప్రత్యేకంగా నేర్చుకోవాలి. తెలుగువారికి "అతని", "తన" అనే మాటలు ఉన్నాయి కనుక ఇది సహజంగానే వస్తుంది.

నిర్దేశక పదాలు ఎస్పరాంటోలోని 45 పదాల పట్టికకు చెందినవి. "తీయు లిబ్రో" అంటే ఆ పుస్తకం, "చీ తీయు లిబ్రో" అంటే ఈ పుస్తకం. తెలుగులో "ఆ", "ఈ" ఎన్నడూ మారవు. ఎస్పరాంటోలో "తీయు" కూడా నామవాచకాన్ని అనుసరించి తీయుయ్, తీయున్, తీయుయ్న్ అని మారుతుంది. "ఎవరి" అనే అర్థమిచ్చే "కీయెస్", దాని వర్గానికి చెందిన ఇతర పదాలు మాత్రం మారవు.

పదక్రమం

నామపదబంధంలో సాధారణ క్రమం ఇది: ముందు ఆర్టికల్ లేదా నిర్దేశక పదం, తరువాత సంఖ్య, తరువాత విశేషణం, చివరకు నామవాచకం. ఉదా: "తీయుయ్ త్రీ గ్రాందాయ్ లిబ్రోయ్" అంటే "ఆ మూడు పెద్ద పుస్తకాలు". రెండు భాషలలోను పదాల వరుస ఒకటే.

విశేషణాన్ని నామవాచకం తరువాత ఉంచడం కూడా తప్పు కాదు. "హుందో గ్రాందా" అన్నా "పెద్ద కుక్క" అనే అర్థం. ఇది ఎక్కువగా కవిత్వంలోను, ఒక గుణాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపవలసినచోట కనిపిస్తుంది.

పదబంధం లోపలి క్రమం కంటె వాక్యంలో పదబంధాల క్రమానికి స్వేచ్ఛ ఎక్కువ. "లా కాతో వీదాస్ లా హుందోన్" అన్నా, "లా హుందోన్ వీదాస్ లా కాతో" అన్నా పిల్లి కుక్కను చూస్తున్నదనే అర్థం. ఏది కర్మయో "న్" చెబుతుంది. "పిల్లి కుక్కను చూసింది", "కుక్కను పిల్లి చూసింది" అని తెలుగులో మార్చి చెప్పగలిగేది కూడా "ను" అనే ప్రత్యయం ఉన్నందువల్లనే.

నామవాచకం తరువాత వచ్చే అనుబంధాలు

సంబంధాన్ని తెలిపే పదబంధాలు ప్రిపొజిషన్‌తో ప్రారంభమై నామవాచకం తరువాత వస్తాయి. "లా లిబ్రో దే పేత్రో" అంటే పేత్రో యొక్క పుస్తకం. "దే" అనే పదానికి అర్థాలు అనేకం కనుక ఒక్కొక్కసారి సందిగ్ధత ఏర్పడుతుంది. "ఆమో దే పాత్రో" అంటే తండ్రి చూపే ప్రేమ కావచ్చు, తండ్రిపై ఇతరులకు గల ప్రేమ కావచ్చు. రెండవ అర్థాన్ని స్పష్టం చేయడానికి "ఆమో ఆల్ పాత్రో" అని వేరొక ప్రిపొజిషన్ వాడతారు.

సంబంధ వాక్యాలు కూడా నామవాచకం తరువాతనే వస్తాయి. వీటిని "కీయు" అనే పదం కలుపుతుంది. ఈ పదం వచనాన్ని తాను సూచించే నామవాచకం నుండి, విభక్తిని తన సొంత వాక్యంలోని పాత్ర నుండి స్వీకరిస్తుంది.

- లా లిబ్రో, కీయున్ మీ లేగిస్ – నేను చదివిన పుస్తకం
- లా లిబ్రోయ్, కీయుయ్న్ మీ లేగిస్ – నేను చదివిన పుస్తకాలు

పుస్తకం అనే పదానికి "న్" లేదు, "కీయు"కు ఉంది. చదవడం అనే క్రియకు అది కర్మ కావడమే దీనికి కారణం. తెలుగులో ఈ పనిని "చదివిన" అనే క్రియాజన్య విశేషణం చేస్తుంది, అది నామవాచకానికి ముందు వస్తుంది. తెలుగువారు ఎస్పరాంటో నేర్చుకొనేటపుడు వాక్యనిర్మాణాన్ని పూర్తిగా తిరగవేయవలసిన చోట్లలో ఇది ముఖ్యమైనది.

సమాసాలు

రెండు పదాలను కలిపి కొత్త నామవాచకాన్ని చేయవచ్చు. ప్రధాన పదం చివర ఉండాలని 11వ సూత్రం చెబుతుంది. "వాపోర్" (ఆవిరి), "షీపో" (ఓడ) కలిసి "వాపోర్‌షీపో" అనగా ఆవిరి ఓడ అవుతుంది. ఇది తెలుగు, సంస్కృత వ్యాకరణాలలోని తత్పురుష సమాసం వంటిది. అక్కడ కూడా ఉత్తరపదమే ప్రధానం. సమాసం ఎంత పొడవైనా "య్", "న్" చివర ఒక్కచోటనే చేరుతాయి.

ద్వితీయా విభక్తి ఇతర ఉపయోగాలు

"న్" ప్రధానంగా కర్మను సూచించినా, దానికి ఇంకా కొన్ని పనులు ఉన్నాయి.

- దిశ: "లా కాతో కూరాస్ ఎన్ లా జార్దేనో" అంటే పిల్లి తోటలో పరుగెత్తుతోంది. "ఎన్ లా జార్దేనోన్" అంటే తోటలోకి పరుగెత్తుతోంది. తెలుగులో "లో", "లోకి" అనే ప్రత్యయాలు చేసే పనిని ఇక్కడ "న్" చేస్తుంది.
- కాలపరిమాణం: "మీ లాబోరిస్ త్రీ తాగోయ్న్" అంటే నేను మూడు రోజులు పని చేసాను.
- పేర్లతో: "లా ఊర్బో పారీజో" అంటే పారిస్ నగరం. ఇది కర్మ అయితే "లా ఊర్బోన్ పారీజో" అంటారు. నగరం అనే పదానికే "న్" చేరుతుంది, పేరు మారదు.

వివాదం, సంస్కరణలు

ఎస్పరాంటోకు ముందు బాగా వ్యాపించిన కృత్రిమ భాష ఓలపుక్. జర్మనీకి చెందిన కాథలిక్ మతాచార్యుడు యోహాన్ మార్టిన్ ష్లేయర్ దీనిని 1879-80లో ప్రకటించాడు. అందులో నామవాచకానికి నాలుగు విభక్తులు ఉండేవి. జామెన్‌హోఫ్ వాటిని రెండుకు తగ్గించాడు. అయినా పశ్చిమ ఐరోపా పాఠకులలో కొందరికి ఆ రెండవది కూడా అనవసరమనిపించింది. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలో నామవాచకానికి కర్మ ప్రత్యయం లేదు, పదక్రమమే ఆ పని చేస్తుంది. అదే సౌకర్యం అంతర్జాతీయ భాషలో ఎందుకు ఉండరాదన్నది వారి ప్రశ్న. "ఓయ్న్", "ఆయ్న్" అనే పదాంతాలు వినసొంపుగా లేవన్నది మరొక విమర్శ.

ఈ ఒత్తిడి వలన 1894లో జామెన్‌హోఫ్ స్వయంగా ఒక సంస్కరణ ప్రణాళికను "లా ఎస్పెరాంతీస్తో" పత్రికలో ప్రచురించాడు. అందులో ఆర్టికల్‌ను, కర్మ ప్రత్యయాన్ని, విశేషణాల అన్వయాన్ని తొలగించాలన్న ప్రతిపాదనలు ఉన్నాయి. పత్రిక చందాదారులు ఓటు వేసారు. ఎక్కువమంది ఏ మార్పూ వద్దన్నారు. భాషను సృష్టించినవాడు మార్పుకు సిద్ధపడినా, దానిని నేర్చుకొన్నవారు ఒప్పుకోలేదు. 1905లో ఫ్రాన్సులోని బులోన్-సుర్-మేర్ పట్టణంలో జరిగిన మొదటి ప్రపంచ మహాసభ, 16 సూత్రాలు చేరిన "ఫుందామేంతో" గ్రంథాన్ని మార్చరాని పునాదిగా అంగీకరించింది.

వివాదం అక్కడితో ముగియలేదు. అంతర్జాతీయ భాషను ఎంపిక చేయడానికి 1907లో పారిస్‌లో సమావేశమైన ఒక సంఘం ఎదుటకు ఈదో అనే సంస్కరించిన రూపం వచ్చింది. ఫ్రెంచి తత్త్వవేత్త లూయీ కూతురా దీనిని సమర్థించినవారిలో ముఖ్యుడు. ఈదోలో బహువచనం "ఈ"తో అంతమవుతుంది, విశేషణం మారదు. "పెద్ద కుక్కలను" అనడానికి ఎస్పరాంటోలో "లా గ్రాందాయ్న్ హుందోయ్న్" అంటే, ఈదోలో "లా గ్రాందా హుందీ" అంటే సరిపోతుంది. కర్మ కర్తకంటె ముందు వచ్చినపుడు మాత్రమే అక్కడ "న్" వాడాలి. కొందరు ప్రముఖులు ఎస్పరాంటోను వదిలి ఈదో వైపు వెళ్ళారు. సామాన్య సభ్యులలో అత్యధికులు మాత్రం పాత భాషతోనే ఉండిపోయారు. 1951లో వెలువడిన ఇంటర్‌లింగ్వా మరింత ముందుకు వెళ్ళి, నామవాచకాల కర్మ ప్రత్యయాన్ని, విశేషణాల అన్వయాన్ని రెంటినీ పూర్తిగా విడిచిపెట్టింది.

వాడుకలో

"న్" మరచిపోవడం ఎస్పరాంటో అభ్యాసకులు సర్వసాధారణంగా చేసే తప్పులలో ఒకటి. పుట్టుకతోనే ఈ భాషను నేర్చిన కొందరు పిల్లల మాటలలో కూడా కర్మ ప్రత్యయం సడలుతున్నదని అమెరికా భాషాశాస్త్రవేత్త బెంజమిన్ బెర్గెన్ 2001లో ప్రచురించిన పరిశోధనలో పేర్కొన్నాడు. కర్త, క్రియ, కర్మ అనే వరుసను పాటించేవారికి ఆ ప్రత్యయం లేకపోయినా చాలాసార్లు అర్థం తెలిసిపోతుంది. సంస్కరణవాదుల వాదనకు బలం ఇక్కడే ఉంది.

దీనికి ఎదురుగా చెప్పదగిన విషయం ఏమంటే, ప్రత్యయాలను తొలగించినంత మాత్రాన నియమం తొలగిపోదు. అంతవరకు ప్రత్యయం మోసిన బరువును పదక్రమం మోయవలసి వస్తుంది. కర్త, క్రియ, కర్మ అనే వరుస ఇంగ్లీషు, ఫ్రెంచి వారికి పుట్టుకతో వచ్చినది. కర్త, కర్మ, క్రియ అనే వరుసకు అలవాటుపడిన తెలుగువారికి, జపానువారికి అది కొత్తగా నేర్చుకోవలసిన నియమమే. "న్" ఉన్నంతకాలం ఎవరి భాషలోని వరుసను వారు కొంతవరకు నిలుపుకోవచ్చు. ఇది నేర్చుకొనేటపుడు అందరికీ కొద్దిగా శ్రమ కలిగిస్తుంది, కాని ఆ శ్రమ ఒక ప్రాంతం వారికే పరిమితం కాకుండా పంచుతుంది.

తెలుగువారికి సంబంధించినంతవరకు కర్మ ప్రత్యయం పరిచయమైన విషయమే. అయితే తెలుగులో "పుస్తకం చదివాను" అన్నపుడు అచేతనమైన కర్మకు ప్రత్యయాన్ని వదిలివేయవచ్చు. ఎస్పరాంటోలో అలా వదలరాదు, "మీ లేగిస్ లిబ్రోన్" అనే చెప్పాలి. విశేషణానికి కూడా అవే ప్రత్యయాలు చేర్చడం మాత్రం తెలుగులో లేని అలవాటు. అందుచేత తెలుగు విద్యార్థులు అభ్యాసం చేసేటపుడు నామవాచకాన్ని ఒంటరిగా కాక, విశేషణంతో కలిపి నాలుగు రూపాలలోను పలకడం ప్రయోజనకరం.